అరికాలి మీద గీసిన పటం

పాదాలను నొక్కి జబ్బులు నయం చేస్తామనే రిఫ్లెక్సాలజీ చార్టులో అరికాలి నిండా అవయవాలే కనిపిస్తాయి. బొటనవేలిలో తల, పాదం లోపలి అంచు వెంట వెన్నెముక, కుడి పాదంలో కాలేయం, ఎడమ పాదంలో గుండె. ఇది వేల ఏళ్ల నాటి విద్య అనేవాళ్లు ఈజిప్టులోని సక్కారాను చూపిస్తారు. అక్కడి అంఖ్‌మహోర్ సమాధి గోడ మీద, ఎదుటివారి కాళ్లూ చేతులూ పట్టుకుని కూర్చున్న మనుషుల బొమ్మలున్నాయి. సమాధి వయసు 4,000 ఏళ్లు దాటింది, నిజమే. ఆ బొమ్మల్లో అవయవాల పటం జాడ మాత్రం లేదు.

పటం పుట్టింది 20వ శతాబ్దపు అమెరికాలో. హార్ట్‌ఫర్డ్‌లో చెవి, ముక్కు, గొంతు వైద్యుడు విలియం ఫిట్జ్‌జెరాల్డ్ వేళ్లను గట్టిగా నొక్కితే ముఖంలో నొప్పి తగ్గుతోందని నమ్మి, ఒంటిని నిలువునా 10 మండలాలుగా విభజించారు. రబ్బరు బ్యాండ్లు, లోహపు దువ్వెనలు ఆయన పనిముట్లు. ఎడ్విన్ బోవర్స్‌తో కలిసి 1917లో ‘జోన్ థెరపీ’ పుస్తకం తెచ్చారు.

దాన్ని పాదాలకు దించిన మనిషి యూనిస్ ఇంగమ్. ఫ్లోరిడాలో డాక్టర్ జోసెఫ్ రైలీ దగ్గర పనిచేసిన ఆమె, రోగుల అరికాళ్లు ఓపికగా తడిమి, ఎక్కడ నొక్కితే నొప్పి అంటున్నారో వాళ్ల జబ్బుతో పోల్చుకుంటూ పటం గీశారు. తొలుత దూది ఉండలు పెట్టి అంటించి చూశారు. చివరికి తన బొటనవేలినే నమ్ముకున్నారు. 1938లో పుస్తకం రాసి, తర్వాత ఊరూరా తిరిగి నేర్పారు. ఆమె శ్రమ మీద నాకు గౌరవమే. కానీ, ఆ జబ్బు లేనివాళ్లకు అక్కడే నొప్పి ఉందా లేదా అని పోల్చి చూడకపోతే పటం నిలవదు.

ఒకచోటి జబ్బు మరోచోట నొప్పిగా తెలియడం అబద్ధం కాదు. గుండెనొప్పి ఎడమ చేతిలోకి పాకుతుంది. గుండె నరాలూ, చేతి లోపలివైపు నరాలూ వెన్నుపాములో దగ్గర దగ్గరగా చేరడమే కారణం. 1890లలో నరాల వైద్యుడు హెన్రీ హెడ్ ఇలాంటి ప్రాంతాలను చర్మం మీద గుర్తించారు. అరికాలి నరాలు మాత్రం వెన్నుపాము కింది చివర చేరతాయి. గుండె నరాలు చేరేది ఛాతీ పైభాగంలో. ఆ రెంటినీ కలిపే ప్రత్యేక దారేదీ శరీర శాస్త్రంలో లేదు.

పరిశోధకుడు ఎడ్జార్డ్ ఎర్నెస్ట్ 2009లో రిఫ్లెక్సాలజీ మీద జరిగిన 18 ప్రయోగాలను సమీక్షించి, ఏ జబ్బునైనా ఇది నయం చేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చారు. పాదాలు పిసికితే హాయిగా ఉంటుంది, ఆందోళన తగ్గుతుంది. దానికి పటంతో పనిలేదు. అయితే ఒక జాగ్రత్త: షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు గట్టిగా నొక్కినా తెలియదు. పుండు పడ్డాక గాని బయటపడదు.