రీస్టోర్ చేసిన పాత కారు స్టార్ట్ అవ్వట్లేదా? బ్యాటరీ కొనే ముందు ఎర్త్ చూడండి!

ఫోన్ స్లోగా చార్జ్ అవుతుంటే మనం ముందు కేబుల్ మార్చి చూస్తాం. బ్యాటరీ సంగతి ఆ తర్వాతే. పాత కారు విషయంలో మాత్రం ఎవరైనా నేరుగా బ్యాటరీ మీదే పడతారు.

మా బాబాయ్ ప్రీమియర్ పద్మిని విషయంలోనూ అంతే. డెంటింగ్, పెయింటింగ్ పూర్తయ్యి షెడ్డు నుంచి పెళ్లికూతురిలా వచ్చింది. సెల్ఫ్ కొడితే మాత్రం ఒకటే మూలుగుడు. కొత్త బ్యాటరీ వేసినా అదే వరస. ఇక సెల్ఫ్ మోటారే మార్చాలన్నాడు మెకానిక్. "ఒక్క నిమిషం ఆగు బాబాయ్" అన్నాన్నేను. ఎందుకంటే చోక్ కేబుల్ ముట్టుకుంటే వేడిగా ఉంది!

చోక్ కేబుల్‌కీ కరెంటుకీ ఏంటి సంబంధం అంటారా? కారులో ప్రతి లైటుకీ, మోటారుకీ వేరే నెగటివ్ వైరు లాగరు. బాడీయే రిటర్న్ వైరు, అదే మనవాళ్లు చెప్పే ఎర్త్. కానీ ఇంజిన్ కూర్చునేది రబ్బరు మౌంట్ల మీద. రబ్బరులోంచి కరెంటు పోదు కాబట్టి ఇంజిన్‌నీ బాడీనీ కలుపుతూ ఒక లావుపాటి రాగి పట్టీ ఉంటుంది. పెయింటర్ ఆ పట్టీ బోల్టు కూర్చునే చోట కూడా నున్నగా రంగు కొట్టేశాడు. దారి మూసుకుపోయిన కరెంటు, ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఉన్న సన్నటి చోక్ కేబుల్లోంచి దూరింది. ఇలాగే వదిలేస్తే కేబుల్ తొడుగు కరుగుతుంది, అదీ కార్బ్యురేటర్ పక్కనే. పెట్రోల్ ఉండే చోటది!

దీన్ని పట్టుకోవడానికి మామూలు మల్టీమీటర్ చాలు. అయితే ఓమ్స్ మోడ్ నమ్మొద్దు. పట్టీలో ఒక్క పోగు మిగిలినా మీటర్ దాదాపు సున్నా చూపిస్తుంది, కానీ ఆ పోగు సెల్ఫ్ కరెంటు మోయలేదు. డీసీ వోల్ట్స్‌లో పెట్టి, ఒక ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజిన్ బ్లాక్ మీద ఆనించి సెల్ఫ్ కొట్టించాలి. మాకు 1.8 వోల్టులు వచ్చింది. 0.5 దాటితేనే అనుమానించాలి. సెల్ఫ్ 100 ఆంపియర్లు లాగితే 1.8 వోల్టులంటే 180 వాట్లు ఊరికే వేడిగా పోతున్నట్టు. దాదాపు మూడు 65 వాట్ల ల్యాప్‌టాప్ చార్జర్లంత!

రిపేరుకి పట్టింది అరగంట. బ్యాటరీ నెగటివ్ తీసేసి, బోల్టు కింద రంగుని ఎమరీ పేపర్‌తో మెరిసే లోహం కనిపించేదాకా గీకాం. కొత్త పట్టీ, పళ్ల వాషర్ వేసి బిగించాక తుప్పు పట్టకుండా పైన వాజలిన్ పూశాం. మీటర్ 0.15కి దిగింది, బండి ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. మోటారు మార్చే పనే పడలేదు.

ఇంకో మాట. పద్మిని నెగటివ్ ఎర్త్ బండి. అదే 1960ల నాటి బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్‌నే బాడీకి కలిపేవారు. అలాంటి దాంట్లో ఇప్పటి బ్లూటూత్ స్టీరియో బాడీని బాడీకి తగిలించారంటే ఫ్యూజు ఎగిరినట్టే. కనెక్షన్ ఇచ్చే ముందు బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే వైరు ఏ టెర్మినల్‌దో చూసుకోండి.