ఈగను పట్టే మొక్కకు వాననీళ్లు

వీనస్ ఫ్లైట్రాప్ ఇంటికి రాగానే చాలామంది చేసే మొదటి పని దానికి తిండి పెట్టడం. చికెన్ ముక్కో, పనీరో ఉచ్చులా తెరుచుకుని ఉన్న దాని ఆకులో పెట్టి, అది మూసుకుంటుంటే పిల్లలకు చూపించి మురిసిపోతారు. కొద్దిరోజులకే ఆ ఉచ్చు నల్లబడి కుళ్లిపోతుంది. ఒక్క పురుగు దొరక్కపోయినా ఈ మొక్క నెలల తరబడి బతకగలదని మీకు తెలుసా? మిగతా మొక్కల్లాగే ఇదీ ఎండతోనే తన ఆహారం తయారు చేసుకుంటుంది. పురుగు నుంచి అది తీసుకునేది ముఖ్యంగా నత్రజని, భాస్వరం. వేళ్లకు దొరకనివి ఆకులతో సంపాదించుకుంటుందన్నమాట.

ఆ కొరత ఎందుకొచ్చిందో దాని పుట్టినచోటు చూస్తే తెలుస్తుంది. ప్రపంచం మొత్తంమీద ఇది సహజంగా పెరిగేది అమెరికాలోని ఉత్తర, దక్షిణ కరొలినాల్లోనే. అదీ విల్మింగ్టన్ ఊరికి 100 మైళ్ల లోపే. ఎప్పుడూ చెమ్మగా ఉండే, ఏ సారమూ లేని ఇసుక నేలలవి. అప్పుడప్పుడూ మంటలు అంటుకుని పొదలు కాలిపోవడం వల్ల నేలబారుగా ఉండే ఈ చిన్నమొక్కకు ఎండ బాగా తగులుతుంది. కాబట్టి హాల్లో టీవీ పక్కన పెడితే ఇది బతకదు. రోజుకు నాలుగైదు గంటలు నేరుగా ఎండపడే కిటికీ గానీ, బాల్కనీ గానీ కావాలి. మన ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఉదయపు ఎండ చాలు, మధ్యాహ్నం నీడకు జరపాలి.

అక్కడి అడవుల నుంచి ఈ మొక్కను పెకలించి దొంగిలిస్తే ఉత్తర కరొలినాలో 2014 డిసెంబరు నుంచి తీవ్ర నేరం కింద కేసు పెడతారు. అదే రాష్ట్రంలోని రాలీ, కేరీల్లో ఉంటున్న మన తెలుగువాళ్లు ఒక సెలవురోజున కరొలినా బీచ్ స్టేట్ పార్కుకు వెళ్తే, ఫ్లైట్రాప్ పేరుతోనే ఉన్న కాలిబాట పక్కన దీన్ని పుట్టింట్లోనే చూడొచ్చు.

మనం తాగే నీళ్లు దానికి పడవు

తాగేనీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఉండొచ్చని మన దేశ ప్రమాణం. ఈ మొక్కకు 50 దాటకుండా ఉంటేనే మంచిది. బోరునీళ్లు పోస్తే ఆ లవణాలు కుండీలో పేరుకుంటాయి, వేళ్లు దెబ్బతింటాయి. పోసినరోజు ఏమీ కనిపించదు, కొన్ని వారాలకు మొక్క వాడిపోతుంది. ఏం తప్పు జరిగిందో పెంచినవాళ్లకు అంతుబట్టదు. ఇంత ముచ్చటైన మొక్క కేవలం నీళ్ల వల్ల పోతోందంటే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే దీనికి మందు ఏటా ఆకాశం నుంచే పడుతోంది. వానాకాలంలో డాబా మీద మొదటి వానను వదిలేసి, తర్వాతి వానల నీళ్లు డ్రమ్ములో పట్టి మూతపెట్టుకుంటే చాలాకాలం వస్తాయి. లేదంటే డిస్టిల్డ్ వాటర్ వాడాలి. ఆర్వో నీళ్లయితే కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ఒకసారి ముంచి చూసుకోండి, కొన్ని యంత్రాలు శుద్ధి చేశాక మళ్లీ ఖనిజాలు కలుపుతాయి.

మట్టి సంగతీ అంతే. తోటమట్టి, పశువుల ఎరువు, వర్మీకంపోస్టు, డీఏపీ ఏవీ వద్దు. పీట్ మాస్‌లో పెర్లైట్ కలిపితే సరిపోతుంది. కోకోపీట్ వాడేవాళ్లు అందులోని ఉప్పు పోయేదాకా వాననీళ్లతో పలుమార్లు కడగాలి. మట్టికుండీ నుంచి కూడా లవణాలు దిగొచ్చు, ప్లాస్టిక్ కుండీ మేలు.

రెండు తాకిడులు, ఇరవై సెకన్లు

తెరిచిన ఉచ్చులోకి భూతద్దంతో చూడండి. ఒక్కో రెక్క లోపలివైపు సాధారణంగా మూడేసి సన్నని వెంట్రుకలు నిలబడి ఉంటాయి. చీమ ఒకదాన్ని తాకితే ఏమీ జరగదు. సుమారు 20 సెకన్లలోపు మళ్లీ ఏదో ఒక వెంట్రుక కదిలితేనే రెక్కలు సెకనులో పదోవంతు సమయంలో మూసుకుంటాయి. వానచినుకు పడ్డ ప్రతిసారీ మూసుకోకుండా ఈ ఏర్పాటు. అక్కడితో ఆగదు. లోపల పురుగు గింజుకుంటూ వెంట్రుకల్ని ఇంకా తాకుతుంటే ఆ లెక్కను బట్టి జీర్ణరసాల తయారీ మొదలవుతుంది. జర్మనీలోని వుర్జ్‌బర్గ్ శాస్త్రవేత్తలు 2016లో ఈ లెక్కింపును వివరంగా బయటపెట్టారు. ఆ తర్వాత అంచులు బిగుసుకుని ఉచ్చు ఒక చిన్న కడుపవుతుంది. వారం పదిరోజులకు తెరుచుకున్నప్పుడు ఎండిన పెంకు ఒక్కటే మిగిలి ఉంటుంది.

ఒక్కో ఉచ్చు ఇలా మూడు నాలుగు భోజనాలు చేసి రాలిపోతుంది. అందుకే ఊరికే వేలు పెట్టి ఆడించొద్దు, మూసుకోవడానికి ఖర్చయిన శక్తి వృథా. చచ్చిన ఈగను పెడితే, మూసుకున్నాక పైనుంచి మెల్లగా నొక్కి కదలిక కలిగించాలి. పురుగు ఉచ్చులో మూడోవంతుకు మించకూడదు. కాళ్లు బయటికి వేలాడితే అంచులు సరిగా మూసుకోక ఆకు కుళ్లుతుంది.

తేనెటీగను తినదా?

పరాగసంపర్కం చేసే పురుగుల్నే మింగేస్తే విత్తనాలెలా? ఫ్లైట్రాప్ తన పూలను ఉచ్చులకు చాలా ఎత్తున, పొడవాటి కాడ మీద పూయిస్తుంది. ఆ పూలమీద వాలే చిన్న తేనెటీగలు, పెంకుపురుగులు ఉచ్చుల్లో కనబడటం అరుదని కరొలినాలో పరిశోధకులు గమనించారు. మన కిటికీలోని మొక్క బలహీనంగా ఉంటే మాత్రం ఆ కాడను మొదట్లోనే తుంచేయడం మంచిది.

ఫ్రిజ్‌లో నిద్ర

చలికాలంలో ఈ మొక్క మూడు నాలుగు నెలలు పడుకుంటుంది. ఆకులు నల్లబడితే చచ్చిపోయిందని పారేయకండి. అయితే ఆ నిద్రకు పది డిగ్రీల లోపు చలి కావాలి. చలి లేని ఊళ్లలో కొందరు వేళ్లకు తడి నాచు చుట్టి, సంచిలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచుతారు. విజయవాడలోనో, రాజమండ్రిలోనో ఇదంతా కష్టమనిపిస్తే నా సలహా నెపంథిస్. కూజాలు వేలాడదీసే ఈ తీగకు చలినిద్ర అవసరం లేదు. కిటికీ దగ్గర మంచి వెలుతురు, గాలిలో తేమ చాలు. దీని కుండీ కింద మాత్రం నీళ్లు నిలవకూడదు. ఆకు కొసన నూలుపోగంత తీగ వచ్చి, దాని చివర ఉబ్బి, కిందకు వంగి కూజాగా మారుతుంది. మూత విచ్చుకునే ముందే లోపల ద్రవం సిద్ధంగా ఉంటుంది. నర్సరీల్లో దొరికేవి ఎక్కువగా సంకర రకాలు. మన దేశంలో అడవిలో పెరిగే ఒకే ఒక్క నెపంథిస్ మేఘాలయకు చెందిన నెపంథిస్ ఖాసియానా. అది అంతరించే ప్రమాదంలో ఉంది కాబట్టి అడవి నుంచి తెచ్చిన మొక్కను ఎవరిచ్చినా కొనకూడదు.

చార్లెస్ డార్విన్ 1875లో ఈ కీటకాహార మొక్కల మీదే ఒక పుస్తకం రాశాడు. డ్రోసెరా అనే మరో కీటకాహార మొక్క ఆకులకు మాంసం, పాలు, గుడ్డులోని తెల్లసొన పెట్టి ఏది జీర్ణమవుతుందో చూశాడు. పురుగుల తిండి వల్ల మొక్కకు నిజంగా లాభం ఉందని రుజువు చేసింది మాత్రం ఆయన కొడుకు ఫ్రాన్సిస్, 1878లో. తిండి పెట్టిన మొక్కలు ఎక్కువ విత్తనాలిచ్చాయి.

దోమలు పోతాయా?

పోవు. చిన్న పురుగులు ఉచ్చు అంచుల పళ్ల సందుల్లోంచి జారుకోగలవు. పైగా ఫ్లైట్రాప్ కుండీని నీళ్ల పళ్లెంలో నిలబెట్టాలి, ఆ పళ్లెంలోనే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. రెండు మూడు రోజులకొకసారి ఆ నీళ్లు పారబోసి, పళ్లెం తుడిచి, మళ్లీ వాననీళ్లు పోయండి.