పార్టీలకు ప్రజాధనం: పంపకంలో వాడ వాటా ఎంత?

ఎన్నికల ఖర్చును ప్రభుత్వమే భరించాలన్న మాట ఎత్తగానే ‘ప్రజల సొమ్ము పార్టీలకా?’ అంటూ ముక్కున వేలేసుకునే పెద్దలను చూస్తే నాకు విస్మయం కలుగుతుంది. ఆ సొమ్ము ఇప్పటికే పోతోంది. నిబంధనలు పాటించే పార్టీల ఆదాయానికి పన్ను లేదు. పాత పన్ను విధానంలో ఉన్న కంపెనీ గానీ వ్యక్తి గానీ పార్టీకిచ్చిన విరాళాన్ని పన్ను లెక్కలో పూర్తిగా మినహాయించుకోవచ్చు. ఖజానాకు చేరకుండా పోయిన ఆ పన్ను ప్రజాధనం కాక మరేమిటి?

ఇందులో ఒక మెలిక ఉంది. నగదుగా ఇచ్చిన విరాళానికి ఈ మినహాయింపు వర్తించదు. కూలి డబ్బుల్లోంచి పది రూపాయలు తీసి సభలో జోలెలో వేసే వ్యవసాయ కూలీకి ఆదాయపు పన్నూ లేదు, మినహాయింపూ లేదు. కోట్లు ఇచ్చే దాత వెనుక రాజ్యం తన వంతు కలుపుతుంది. కూలీ వెనుక నిలబడదు. ‘ఒక ఓటు, ఒక నోటు’ అని కాన్షీరాం అడిగిన పద్ధతికి మన చట్టంలో ప్రోత్సాహమే లేదు.

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎన్నికల బాండ్ల పథకాన్ని కొట్టివేశాక వెలుగుచూసిన లెక్కలు చూడండి. బీజేపీకి ఆరు వేల కోట్లకు పైగా, బీఆర్‌ఎస్‌కు పన్నెండు వందల కోట్లకు పైగా దక్కాయి. బీఎస్పీకి ఒక్క బాండూ రాలేదు. పెట్టుబడికి కులం లేదని ఇంకా ఎవరైనా అంటే, ఈ జాబితానే వారి ముందు పెడతాను.

1998లో ఇంద్రజిత్ గుప్తా కమిటీ ప్రభుత్వ సాయాన్ని సమర్థించింది గానీ, గుర్తింపు పొందిన పార్టీలకే పరిమితం చేసింది. అంటే వాడలోంచి పుట్టిన పార్టీ ముందు డబ్బు లేకుండా గెలవాలి, ఆ తర్వాతే సాయం అందుకోవాలి! జర్మనీలో జాతీయ ఎన్నికల్లో అర శాతం ఓట్లు వచ్చినా పార్టీ అర్హత పొందుతుంది. వ్యక్తులిచ్చే చిన్న విరాళాలకు రాజ్యం కొంత జోడిస్తుంది. అయితే పార్టీ సొంతంగా సంపాదించినదానికి మించి సాయం ఇవ్వరాదన్న షరతూ అక్కడుంది. పేదల పార్టీకి అది ఉరితాడు. దాన్ని మనం తెచ్చుకోనక్కర్లేదు.

అసెంబ్లీ అభ్యర్థి డిపాజిట్ పది వేలైతే ఎస్సీ, ఎస్టీలకు ఐదు వేలు. నామినేషన్ బల్ల దగ్గర వారి పేదరికాన్ని గుర్తించిన చట్టం, బల్ల దాటగానే మరచిపోతుంది. పెద్ద రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు 40 లక్షల పరిమితి ఉంది. పార్టీ ఖర్చుకు ఏ పరిమితీ లేదు. అందుకే ఆంధ్రప్రదేశ్‌లోని 29, తెలంగాణలోని 19 ఎస్సీ స్థానాల్లో గెలిచేవారిలో చాలామంది, ఖర్చు పెట్టిన పెద్దకులాల నాయకుల మాట జవదాటలేరు.

కనుక నా ప్రతిపాదన ఇది: ప్రజాధనం అందుకునే పార్టీ జనరల్ స్థానాల్లో ఎందరు దళితులను, ఆదివాసీలను, బీసీలను నిలబెట్టిందో చూసి వాటా నిర్ణయించాలి. ఫ్రాన్స్‌లో మహిళా అభ్యర్థుల విషయంలో 2000 నాటి చట్టం ఇలాంటి కోతే పెట్టింది. పెద్ద పార్టీలు ఏళ్ల తరబడి కోతను భరించాయే తప్ప టిక్కెట్లు వదల్లేదు. మన కోత అంతకంటే చాలా లోతుగా ఉండాలి.