ఏ బల్ల దగ్గరికి పోవాలో చెప్పే మనిషి

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో మూడేళ్లు నిండినా నడక రాని బిడ్డ ఉన్న ఇంటికి ఎన్ని ఆఫీసులతో పని పడుతుందో చూడండి. లోపాన్ని గుర్తించాల్సింది అంగన్‌వాడీకి వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం. 2013లో మొదలైన ఈ పథకం పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను పరీక్షిస్తుంది. ఎదుగుదలలో తేడా కనిపిస్తే పైఆసుపత్రికి రాసిస్తుంది. దివ్యాంగ ధ్రువపత్రం ఇచ్చేది మెడికల్ బోర్డు. సంజయ్ గాంధీ నిరాధార్ యోజన కింద నెలనెలా వచ్చే డబ్బు సంగతి తహసీల్ ఆఫీసులో తేలాలి. ఆదాయం దాఖలా కావాలంటే ముందు గ్రామ రెవెన్యూ ఉద్యోగి అయిన తలాఠీని కలవాలి. చదువు జిల్లా పరిషత్ బడిలో.

ఒక్కో బల్ల దగ్గర ఒక్కో పని జరుగుతుంది. బిడ్డను ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు చేర్చే పని మాత్రం తల్లి మీద పడుతుంది. ఆమె కూలికి పోయే మనిషైతే, తిరిగిన ప్రతి రోజూ కూలి పోయినట్టే.

ఈ తిరుగుడు బాధ్యతను తన మీద వేసుకునే ఉద్యోగి ఒకరుండాలన్నదే కేస్ మేనేజ్‌మెంట్ సేవ. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం వంటివి మందుతో తగ్గిపోయే జబ్బులు కావు. చిన్నతనంలోనే మొదలై జీవితమంతా వెంట ఉంటాయి. వయసు మారేకొద్దీ అవసరాలూ మారతాయి. రెండేళ్లప్పుడు ఫిజియోథెరపీ, ఆరేళ్లకు బడి, ఇరవై ఏళ్లకు చేయగలిగిన పని. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1969లోనే లాంటర్‌మన్ చట్టంతో దీనికి దారి వేసింది. అక్కడ 21 ప్రాంతీయ కేంద్రాలున్నాయి. అర్హులైన ప్రతి ఒక్కరికీ ఒక సర్వీస్ కోఆర్డినేటర్ ఉంటారు. కుటుంబంతో కూర్చుని ఆ మనిషికి ఏమేం కావాలో రాతపూర్వకంగా ప్రణాళిక వేస్తారు, ఏళ్ల తరబడి దాన్ని చూసుకుంటారు. శాన్‌హోసే, ఫ్రీమాంట్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ దారి ఇదే. కుటుంబానికి అర్థమయ్యే భాషలో మాట్లాడాలన్నది ఆ కేంద్రాల బాధ్యతల్లో ఒకటి.

సిరొంచకు ఈ భాష సంగతే అన్నిటికంటే ముఖ్యం. ఇంట్లో తెలుగు, ఆఫీసు కాగితాల్లో మరాఠీ, అడవి పల్లెల్లో మాడియా గోండి. మాట రాని పిల్లవాడికి మాట నేర్పే అభ్యాసాలను రోజూ చేయించేది తల్లే. థెరపిస్టు ఆమెకు వాటిని ఆమె భాషలో చెప్పకపోతే అభ్యాసం ఇంటిదాకా రాదు.

పైగా దూరం. జిల్లా కేంద్రం గడ్చిరోలి ఆలాపల్లి అడవి మీదుగా సుమారు రెండు వందల కిలోమీటర్లు. గోదావరి వంతెన దాటితే మాత్రం తెలంగాణలోని కాళేశ్వరం పక్కనే. అటువైపు బంధుత్వాలున్నాయి, ఇచ్చిపుచ్చుకోవడాలున్నాయి. సికింద్రాబాద్‌లో మేధోవైకల్యం మీద 1984 నుంచీ పనిచేస్తున్న జాతీయ సంస్థ ఉంది. దివ్యాంగుల గుర్తింపు కార్డు దేశమంతటా చెల్లుతుంది. పింఛను మాత్రం ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. 2023లో తెలంగాణ దివ్యాంగుల పింఛను 4,016 రూపాయలకు పెరిగింది. అదే ఏడు మహారాష్ట్ర తన సాయాన్ని 1,500 చేసింది. ఏ రాష్ట్రంలో వైద్యం చూపించుకోవాలి, ఏ రాష్ట్రంలో కాగితం పెట్టుకోవాలి అన్నది విడమరచి చెప్పేవారు లేకపోతే కుటుంబం రెండు ఒడ్డుల మధ్యా డబ్బు, కాలం పోగొట్టుకుంటుంది.

చట్టాలకు కొదవ లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. నలభై శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. జాతీయ ట్రస్టు నడిపే నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చు ఇస్తుంది. 2022లో మహారాష్ట్ర దివ్యాంగుల కోసం ప్రత్యేక శాఖనే తెరిచింది. ఇన్ని ఉన్నా, ఫలానా బిడ్డ ఈ దారి మొత్తం నడిచాడా లేదా అని చూసే బాధ్యతను ఒక్కరికి అప్పగించలేదు. ఈ వ్యవస్థలో అసలు లోటు అదే.

తేదీలు దాటిపోవడం దాని ఫలితం. మేధోవైకల్య ధ్రువపత్రాన్ని 5, 10, 18 ఏళ్లప్పుడు మళ్లీ చూపించి కొత్తది తీసుకోవాలని 2018 మార్గదర్శకాలు చెప్పాయి. పద్దెనిమిది నిండగానే బాల స్వాస్థ్య పథకం ముగుస్తుంది, ఉచిత విద్య హక్కూ ముగుస్తుంది. చట్టం దృష్టిలో అతను ఇక పెద్దవాడు. కన్నవాళ్లయినా అతని తరఫున సంతకం పెట్టాలంటే 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద సంరక్షకులుగా నియామకం పొందాలి. దాన్ని చూసేది కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ. తల్లిదండ్రులకు వయసు మీదపడేదాకా చాలా ఇళ్లలో ఈ మాటే రాదు.

కొత్త భవనాలు కట్టాల్సిన పని లేదు. ఆశా కార్యకర్తకు ప్రతి ఇల్లూ తెలుసు. సిరొంచ గ్రామీణ ఆసుపత్రిలో తెలుగు, మరాఠీ, గోండి తెలిసిన ఒక ఉద్యోగిని ఈ పనికే పెట్టి, ఆశాలు చెప్పిన పిల్లల పేర్లతో రిజిస్టరు తెరిపించవచ్చు. ధ్రువపత్రం ఎప్పుడు మార్చాలి, బడిలో ఎప్పుడు చేర్చాలి, కమిటీకి అర్జీ ఎప్పుడు పెట్టాలి అన్నది అందులో ఉంటే, గడువుకు ముందే ఆ ఇంటికి కబురు పంపడం అతని ఉద్యోగంలో భాగమవుతుంది.