తుమ్మలపల్లె యురేనియం, అమెరికా క్షిపణి: అణ్వస్త్రాల బిల్లు ఎందుకు పెరుగుతుంది?

నాది పొద్దుటూరు. బీటెక్ అయినాక కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇప్పుడు మీతో ఇట్లా మాట్లాడతా ఉన్నా. పులివెందుల నుంచి ఒకన్న అడిగినాడు: "తుమ్మలపల్లెలో తీసే యురేనియం బాంబులకు పోతుందా? దాంట్లో ఏ కంపెనీకి లాభం?" మంచి ప్రశ్న. ఒక్కొక్కటిగా చూద్దాం.

వేముల మండలంలో ఉన్న ఆ గని యూసీఐఎల్‌ది. అది ప్రైవేటు కంపెనీ కాదు. కేంద్ర అణుశక్తి విభాగం కింద 1967లో పెట్టిన ప్రభుత్వ సంస్థ. మన యురేనియంతో ప్రధానంగా కరెంటు రియాక్టర్లకు ఇంధనం తయారవుతుంది. కానీ ఒక మెలిక ఉంది. 2008 అణు ఒప్పందం తర్వాత విదేశాల నుంచి కొన్న యురేనియాన్ని అంతర్జాతీయ తనిఖీలో ఉన్న రియాక్టర్లలోనే వాడాలి. బాంబుకు వాడకూడదు. అంటే ఆయుధాల వైపు ఏం కావాలన్నా స్వదేశీ గనులే దిక్కు. ఏ గని సరుకు ఎటు పోతుందో ప్రభుత్వం లెక్క బయటపెట్టదు.

మరి కంపెనీల ఒత్తిడి ఎట్లా పనిచేస్తుంది? దీనికి అమెరికా ఉదాహరణ చూడాలి, ఎందుకంటే అక్కడ లెక్కలు బయటికొస్తాయి. పాత మినిట్‌మ్యాన్ క్షిపణుల స్థానంలో సెంటినెల్ అని కొత్తవి తెస్తున్నారు. పోటీలో బోయింగ్, నార్త్‌రప్ గ్రమ్మన్ ఉండేవి. ఇట్లాంటి క్షిపణులకు పెద్ద రాకెట్ మోటార్లు చేసే కంపెనీలు ఆ దేశంలో రెండే. వాటిలో ఒకదాన్ని 2018లో నార్త్‌రప్ కొనేసింది. ఇది సమాన పోటీ కాదని 2019లో బోయింగ్ తప్పుకుంది. 2020లో ఒకే ఒక్క బిడ్డర్‌కు 1,330 కోట్ల డాలర్ల కాంట్రాక్టు దక్కింది.

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినోళ్లకు ఇది తెలిసిన కథే. వెండర్ ఒక్కడే అయితే, మొదట చెప్పిన ఎస్టిమేట్ నిలబడదు. 2024 జులై నాటికి మొత్తం ప్రాజెక్టు అంచనా 81 శాతం పెరిగి సుమారు 14,100 కోట్ల డాలర్లకు చేరింది. ఖర్చు ఇంతగా దాటితే ప్రాజెక్టు ఆపాలని అక్కడ చట్టం ఉంది. దేశ భద్రతకు తప్పదని రక్షణ శాఖ సర్టిఫై చేస్తే మాత్రం కొనసాగించొచ్చు. అట్లాగే చేసినారు.

ఎందుకు ఆపలేరంటే, ఉద్యోగాలు. క్షిపణి స్థావరాలున్న మోంటానా, వయోమింగ్, నార్త్ డకోటా సెనేటర్లు పార్టీ తేడా లేకుండా వాటికి అండగా ఉంటారు. ఉద్యోగం అనే మాట బలం మనకు ఒకరు చెప్పాల్నా? ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందని జమ్మలమడుగు వైపు 2007 నుంచి ఎన్ని శంకుస్థాపనలు చూసినాం! ఆ మాట వినపడితే ఖర్చెంత, అవసరమెంత అని ఎవరూ అడగరు.

ఇంక మన దేశం సంగతి. ఇక్కడా ప్రైవేటు కంపెనీలు లేకపోలేదు. 2009లో విశాఖలో నీళ్లలోకి దించిన అణు జలాంతర్గామి అరిహంత్ బాడీ, అంటే హల్, ఎల్ అండ్ టీ చేసింది. తప్పు పని అని నేను అనడం లేదు. కానీ అణ్వస్త్రాల మొత్తం ఖర్చు ఇంత అని చూపించే పద్దు మన బడ్జెట్‌లో ఎక్కడా లేదు. అమెరికాలో పోటీ లేదు గానీ బిల్లు కనబడుతుంది. ఇక్కడ బిల్లే కనబడదు. బిల్లు కనబడకపోతే ఎవరు పెంచినారో ఎట్లా పట్టుకుంటాం?

రహస్యం బాంబు డిజైన్‌కు ఉండాలి, ఒప్పుకుంటా. ఖర్చుకు ఎందుకు? గని వ్యర్థాల వల్ల బోరు నీళ్లు పాడైనాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని కొత్తాల, కనంపల్లె రైతులు ఏళ్లుగా చెప్తున్నారు. సంస్థ ఒప్పుకోవడం లేదు. దేశ భద్రత పేరుతో పెట్టే ఖర్చులో ఆ రైతు వాటా కూడా ఉంది. లెక్క అడిగే హక్కు కూడా ఆయనకుంది. ఈసారి మీ ఎంపీ ఊరికొస్తే ఈ ఒక్క ప్రశ్న అడగండి. ఏం చెప్పినారో కామెంట్లో రాయండి, ఇంకో ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటానండి.