ఎడారిలో అయిదు బళ్ళు

మన సంఘంలో ఇప్పుడు పిల్లలో, పిల్లల పిల్లలో అమెరికాలో లేని ఇల్లు తక్కువ. ఆదివారం ఫోను చేస్తే ఒకప్పుడు గుడి సంగతులు, ఉగాది వేడుకల సంగతులు చెప్పేవారు. ఈమధ్య కొందరి ఇళ్ళలో కొత్త మాట వినిపిస్తోంది: "శని, ఆదివారాలు ట్రక్కులేసుకుని ఎడారికి వెళ్తున్నాం." వినగానే ఇక్కడ మన గుండె జారుతుంది. అసలు ఆ ప్రయాణం ఏమిటో, ఎలా ఏర్పాటు చేసుకుంటారో, దేనికి భయపడాలో, దేనికి అక్కరలేదో నాకు తెలిసినంతవరకు చెప్పడానికే ఈ వ్యాసం. 2024 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు అటువంటి యాత్ర ఒకదానికి లెక్కలు రాసే పని నాకు అప్పగించారు. అందుచేత మొదటినుంచి చివరిదాకా అన్నీ దగ్గరుండి చూశాను.

అక్కడ ట్రక్కు అంటే మన లారీ కాదు. ముందు నలుగురైదుగురు కూర్చునే గది, వెనక సామాను తొట్టి ఉండే బండి. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుంది కనుక ఇసుకలో, రాళ్ళమీద నడుస్తుంది. జీపులు కూడా ఇదే కోవలోకి వస్తాయి.

దారికి ఒక చరిత్ర

మావాళ్ళు ఎంచుకున్నది మొహావీ రోడ్డు. కొలరాడో నది ఒడ్డున మొదలై పడమటికి బార్‌స్టో సమీపం వరకు సుమారు 138 మైళ్ళు, అంటే దాదాపు 220 కిలోమీటర్ల మట్టిదారి. దీనిని ఇంజనీర్లు గీయలేదు. మొహావీ తెగ ఆదివాసులు ఊట నుంచి ఊటకు నడిచి వేసిన కాలిబాట ఇది. నీళ్ళు ఎక్కడుంటే దారి అటు తిరుగుతుంది. 1826లో జెడెడయా స్మిత్ అనే వ్యాపారి ఆ ఆదివాసుల సాయంతోనే ఈ ఎడారి దాటాడు. 1857లో ఎడ్వర్డ్ బీల్ అనే అధికారి సైన్యంవారి ఒంటెలను వెంటబెట్టుకుని ఈ దారిన వచ్చాడు. 1859లో నది ఒడ్డున సైనిక స్థావరం వెలిసింది. తపాలా, సైనికుల సామాను బళ్ళు తిరిగాయి. 1883లో రైలు రావడంతో దారి పాడుబడింది. మళ్ళీ 1980ల తొలినాళ్ళలో డెనిస్ కేస్‌బియర్ అనే చరిత్రాభిమాని, ఆయనతోబాటు కొందరు స్వచ్ఛంద సేవకులు పాత జాడలు వెదికి, దారిచూపే పుస్తకం రాసి, దీన్ని యాత్రికులకు అందుబాటులోకి తెచ్చారు. 1994 నుంచి దారిలో చాలాభాగం మొహావీ జాతీయ రక్షిత ప్రాంతంలో ఉంది. దాని విస్తీర్ణం సుమారు 16 లక్షల ఎకరాలు. అంత విస్తీర్ణంలో ఒక్క పెట్రోలు బంకు కూడా లేదు.

ఈ ఒక్క ముక్కతోనే ఏర్పాట్లు ఎంత ముఖ్యమో పాఠకులు గ్రహించి ఉంటారు.

ముందు కాగితం మీద

అయిదు బళ్ళు, పదముగ్గురు మనుషులు. హోసూరు వాళ్ళొకరు, బరంపురం వాళ్ళొకరు, షోలాపూరు వాళ్ళొకరు, మిగిలినవాళ్ళు గుంటూరు, వరంగల్లు జిల్లాలవారు. బయలుదేరడానికి మూడువారాల ముందు అందరూ మా అల్లుడి గ్యారేజీలో కూర్చున్నారు. మొదట తీర్మానించినది ఏ రోజు వెళ్ళాలన్నది. వేసవిలో అక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కనుక అక్టోబరు నుంచి మార్చి దాకానే మంచికాలం. ఫిబ్రవరి మూడో సోమవారం అక్కడ సెలవు. శని, ఆది, సోమ మూడు రోజులు కలిసివచ్చాయి.

తరువాత కాగితాలు. అద్దె బండి తీసుకుందామని ఒకరన్నారు. నేను ఒప్పందం తెప్పించి చదివాను. తారురోడ్డు దిగితే బీమా వర్తించదని చిన్న అక్షరాల్లో ఉంది. అద్దె ఒప్పందాల్లో చాలావాటికి ఈ షరతు ఉంటుంది. ఆ ఆలోచన అంతటితో మానుకున్నాం. పెద్ద బృందాలు అయితే పార్కు కార్యాలయం నుంచి ముందుగా అనుమతి తీసుకోవాలి కాబట్టి మన సంఖ్యకు అవసరమా అని వారినే అడిగి తెలుసుకున్నాం. దారి ఎలా ఉందో కూడా అక్కడే తెలిసింది. 2023 ఆగస్టులో హిలరీ తుఫాను ఆ ప్రాంతంలోని దారులను బాగా దెబ్బతీసింది. అందువల్ల పాత పటాన్ని గుడ్డిగా నమ్మే వీలు లేదు.

ఖర్చుల దగ్గర సాధారణంగా స్నేహాలు చెడతాయి. భోజనం ఖర్చు తలకింత, తాళ్ళు, పారలు, గాలి పంపు వంటి సామగ్రి ఖర్చు బండికింత అని విడగొట్టాం. ఎవరి పెట్రోలు వారిది. బండికి దెబ్బతగిలితే ఆ బండివారిదే ఖర్చు, లాగి బయటపడేసినవాడి మీద వంక పెట్టకూడదు. ఇవన్నీ రాసి అందరిచేతా చదివించాను.

నీరు, పెట్రోలు

ఎడారిలో మనిషికి రోజుకు ఒక గాలను, అంటే దాదాపు నాలుగు లీటర్ల నీళ్ళు కావాలని పార్కులవారు చెబుతారు. పదముగ్గురికి మూడు రోజులకు 156 లీటర్లు. బండి చెడి ఒకరోజు అదనంగా ఆగితే మరో 52. రేడియేటరుకూ చేతులు కడగడానికీ మొత్తం 40 కలిపితే 250కి దగ్గరయింది. బండికి 50 లీటర్లు. అదీ ఒకే డ్రమ్ములో కాకుండా చిన్న డబ్బాల్లో. ఒకటి చిల్లుపడినా మిగతావి ఉంటాయి. ఊటలున్న దారే అయినా ఆ నీళ్ళు అడవి జంతువులవనీ, మన లెక్కలోకి రావనీ అనుకున్నాం.

పెట్రోలు లెక్క ఇంకో రకం. దూరం 220 కిలోమీటర్లే అయినా ఇసుకలో చిన్న గేరులో పోతుంటే మైలేజి సగానికి పడుతుందనుకుని 440 కిలోమీటర్లకు వేశాం. అటుపై దారి మూసుకుపోయి వెనక్కి రావలసివస్తే దానికి వేరే నిల్వ. ఒక బండి ట్యాంకు చిన్నది. దానికి 20 లీటర్ల డబ్బా ఇచ్చాం.

ఇందులో మనకు తెలియని విద్య ఏమీ లేదు. మద్రాసు సుప్రీంకోర్టులో పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో దాదాపు వందమందితో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చారు. ఏ మజిలీలో నీళ్ళున్నాయి, ఏ ఊళ్ళో సరుకులు దొరుకుతాయి, దారి బండికి అనుకూలమా కాదా అని ఆయన రాసుకుంటూ పోయారు. ఆంధ్రదేశానికి బయట స్థిరపడిన మనబోటివాళ్ళ పూర్వీకుడే ఆయన. పదిమందిని వెంటబెట్టుకుని తెలియని నేలమీదికి వెళ్ళేవాడు చేయవలసిన పని అప్పుడూ ఇదే.

ఒకరి వెనక ఒకరు

బళ్ళు వరసలో నడవడానికి కొన్ని కట్టుబాట్లున్నాయి. అనుభవమున్నవాడు ముందు, మరమ్మతు తెలిసినవాడు చివర. ప్రతివాడూ చూడవలసింది ముందుబండిని కాదు, వెనకబండిని. దారి చీలినచోట వెనకబండి కనిపించేదాకా ఆగాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే ఎవరూ తప్పిపోరు. సెల్‌ఫోను అక్కడ చాలాచోట్ల పలకదు. బండికొక చేతి రేడియో, బృందానికొక ఉపగ్రహ సందేశ యంత్రం పెట్టుకున్నారు. ఇంటిదగ్గర ఉన్న మా అమ్మాయికి దారిపటం, బళ్ళ నంబర్లు, సోమవారం రాత్రి ఎనిమిదింటికల్లా కబురు రాకపోతే ఎవరికి ఫోను చెయ్యాలో రాసి ఇచ్చాం.

మట్టిదారి మొదలుకాగానే టైర్లలో గాలి 35 పౌండ్ల నుంచి 20కి దించారు. గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుకలో దిగబడదు. తిరిగి తారురోడ్డు ఎక్కేముందు పంపుతో నింపుకోవాలి. బండి కూరుకుపోతే లాగే తాడును ట్రెయిలరు తగిలించే ఇనుప గుండుకు ఎన్నడూ కట్టకూడదు. అది విరిగితే తుపాకి గుండులా వచ్చి మనుషులను కొడుతుంది. లాగేటప్పుడు పిల్లలు దూరంగా ఉండాలి.

ఒంటరి బండి ఎందుకు పనికిరాదో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. 1996 జూలైలో జర్మనీ నుంచి వచ్చిన ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు అద్దె వ్యానులో మొహావీకి ఉత్తరాన ఉన్న డెత్ వ్యాలీలోకి వెళ్ళారు. అక్టోబరులో ఆ వ్యాను ఒక కొండలోయలో కనిపించింది. మూడు టైర్లు చదునైపోయి ఉన్నాయి. మనుషుల అవశేషాలు కొన్ని దొరికింది మాత్రం 2009లో. వాళ్ళ వెనక మరో బండి లేదు. ఫలానా దారిన వెళ్తున్నామని, ఫలానా రోజుకు వస్తామని తెలిసి ఎదురుచూసే మనిషీ దగ్గరలో లేడు.

ఒక్కరు వద్దన్నా వద్దే

కాగితం మీద చివరి షరతు నేను రాయించినది. బ్యాంకులో ఉమ్మడి ఖాతాలు రెండు రకాలు. ఎవరో ఒకరు సంతకం చేస్తే సొమ్ము ఇచ్చేది ఒకటి, అందరూ చేస్తేనే ఇచ్చేది రెండోది. ప్రమాదమున్నచోట ముందుకు పోవడం రెండో రకం కావాలన్నాను. బండి నడిపేవారిలో ఏ ఒక్కరు వద్దన్నా అందరూ ఆగాలి. కారణం సరిగా ఉందా లేదా అని అక్కడ వాదించకూడదు. అప్పుడు అందరూ నవ్వుతూనే ఒప్పుకున్నారు.

అది సోమవారం ఉదయం అవసరపడింది. దారి పడమటి భాగంలో సోడా లేక్ అనే ఎండిన సరస్సు ఉంది. పేరుకే సరస్సు, తెల్లటి ఉప్పుపొర పరిచిన మైదానం. దాని మధ్యలో యాత్రికులు ఒక్కొక్క రాయి వేసి పెంచిన రాళ్ళగుట్ట ఉంది. అక్కడ ఒక ఫలకం మీద ఏదో రాసి ఉంటుందట. చూసినవాళ్ళు అదేమిటో బయట చెప్పకూడదన్నది సంప్రదాయం. పిల్లలు ముందురోజు నుంచే దానికోసం తలా ఒక రాయి పట్టుకుని కూర్చున్నారు.

ఆ నెల మొదట్లో దక్షిణ కాలిఫోర్నియాలో భారీ వర్షాలు పడ్డాయి. పైపొర చూస్తే ఎండినట్టే ఉంది. మా అల్లుడు దిగి వందగజాలు నడిచి కర్ర గుచ్చితే అడుగులోతు బురదలోకి దిగింది. కొత్త ట్రక్కు కొన్న కుర్రవాడు, "ఇంతదూరం వచ్చాం, వేగంగా పోతే దాటేస్తాం అంకుల్" అన్నాడు. మరో ఇద్దరు అతనివైపే మొగ్గారు. బరంపురం అమ్మాయి తన బండిలో ఆరేళ్ళ కొడుకును చూపించి, "నేను రాను" అంది. ఇంకేమీ అనలేదు. ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఆ కుర్రవాడే బండి వెనక్కి తిప్పాడు. అతని ముఖంలో కోపం లేదని చెప్పను. బేకర్ ఊరు చేరేదాకా రేడియోలో అతని గొంతు వినబడలేదు.

పిల్లలు రాళ్ళను ఒడ్డునే వదిలిపెట్టారు. రక్షిత ప్రాంతంనుంచి రాయి కూడా తీసుకుపోకూడదు. తారురోడ్డు ఎక్కి బేకర్‌లో పెట్రోలు పోయించుకుని సాయంత్రం ఆరింటికల్లా ఇల్లు చేరాం. ఆ రోజు దాటగలిగేవాళ్ళమేమో. అది తేలే విషయం కాదు. నాకు తెలిసినదల్లా ఆ తల్లి ఒంటరిగా అయిదుగురిని ఒప్పించవలసిన అవసరం లేకపోయిందని. ఆ పని మూడువారాల ముందే కాగితం చేసిపెట్టింది.

ఎడారికి మనం చేసే చెరుపు

ఎడారి ఖాళీ జాగా కదా అనుకోవడం పొరపాటు. 1942లో జనరల్ ప్యాటన్ తన సైన్యానికి అక్కడ తర్ఫీదు ఇప్పించాడు. ఆనాటి ట్యాంకుల జాడలు కొన్నిచోట్ల ఇప్పటికీ చెరగలేదు. అందుకే రక్షిత ప్రాంతంలో ఉన్న దారి దిగి బండి నడపకూడదు. అక్కడి ఎడారి తాబేలును 1990లో ముప్పులో ఉన్న జీవిగా ప్రకటించారు. అది నీడకోసం బండి కిందికి చేరుతుంది కనుక కదిలించేముందు వంగి చూడాలి. దాన్ని ఎత్తితే బెదిరి, ఒంట్లో దాచుకున్న నీటిని వదిలేస్తుంది. వేసవిలో దానికి అది ప్రాణాంతకం. 2020 ఆగస్టులో పిడుగుపాటుతో మొదలైన మంటకు ఈ ప్రాంతంలోనే సుమారు 13 లక్షల జాషువా చెట్లు కాలిపోయాయని అంచనా. అందువల్ల మావాళ్ళు చలిమంట కూడా వేయలేదు. మొదటిరాత్రి ఇంటినుంచి తెచ్చిన పులిహోర, రెండోరాత్రి గ్యాసు పొయ్యిమీద ఉప్మా. చెత్త అంతా సంచుల్లో కట్టి వెనక్కి తెచ్చారు.

ఇక ఇక్కడున్న పెద్దలకు ఒక మాట. పిల్లలు ఎడారికి వెళ్తామంటే వద్దని బతిమాలకండి. బతిమాలితే ఈసారి చెప్పకుండా వెళ్తారు. అంతకంటె నాలుగు ప్రశ్నలు అడగండి. ఎన్ని బళ్ళు వెళ్తున్నాయి? నీళ్ళు ఎన్ని రోజులకు పెట్టుకున్నారు? తిరిగివచ్చే వేళ ఎవరికి రాసి ఇచ్చారు? వద్దని చెప్పే హక్కు ఎవరికుంది? ఈ నాలుగింటికీ తడుముకోకుండా జవాబు వస్తే, ఫొటోలు పంపమని చెప్పి ఫోను పెట్టేయండి.