నోరు చెప్పలేని బాధను నోటుపుస్తకం చెబుతుంది
మేధోపర వైకల్యం ఉన్నవారిలో మలబద్ధకం.. అశ్రద్ధ చేస్తే ప్రాణాపాయం

పాన్‌గల్: కడుపు ఉబ్బి నొప్పి పుడితే ఎవరైనా పక్కవారికి చెప్పుకుంటారు. మేధోపర వైకల్యం ఉన్నవారిలో చాలామందికి ఆ మాట నోట రాదు. అన్నం పళ్లెం తోసేస్తారు. తల గోడకు కొట్టుకుంటారు. దగ్గరికి వచ్చినవారిని కొరుకుతారు. చూసేవారు దానిని మొండితనమనుకుంటారు. నాలుగైదు రోజులుగా విరేచనం కాలేదన్న సంగతి ఎవరికీ తట్టదు. ఇంట్లో అయితే తల్లి కనిపెట్టుకుని ఉంటుంది. పగలు ఒకరు, రాత్రి మరొకరు విధుల్లో ఉండే వసతి గృహాల్లో ఈ చిన్న విషయమే పెద్ద ముప్పుగా మారుతుంది.

ప్రాణం తీసిన మలబద్ధకం
ఇంగ్లాండులోని సఫోక్ ప్రాంతంలో డౌన్ సిండ్రోమ్‌తో వసతి గృహంలో ఉంటున్న 33 ఏళ్ల యువకుడు 2012 నవంబరులో మృతి చెందాడు. శస్త్రచికిత్సలో వైద్యులు అతని పేగుల నుంచి సుమారు 10 కిలోల మలాన్ని తొలగించినా ప్రాణం దక్కలేదు. అతనికి చిన్ననాటి నుంచీ మలబద్ధకం ఉందన్నది తెలిసిన విషయమే. ఈ మరణంపై విచారణ 2018లో ముగిసింది. ఆ దేశంలో మలబద్ధకంపై సంరక్షకులకు అవగాహన పెరగడానికి ఇటువంటి మరణాలే కారణమయ్యాయి.

కారణాలు అనేకం
నీరు తక్కువగా తాగడం, పీచు లేని ఆహారం, కదలకుండా కూర్చోవడం ప్రధాన కారణాలు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో కండరాల పట్టు తక్కువగా ఉంటుంది. థైరాయిడ్ లోపమూ ఎక్కువే. మానసిక సమస్యలకు, మూర్ఛకు వాడే కొన్ని మందులు, ఐరన్ మాత్రలు కూడా పేగుల కదలికను మందగింపజేస్తాయి. అయితే వైద్యుడిని అడగకుండా ఏ మందునూ ఆపరాదు.

విరేచనాలని పొరబడవద్దు
గట్టిపడిన మలం పేగుకు అడ్డుపడినపుడు దాని పక్కనుంచి పలుచని మలం జారి బట్టలు పాడవుతుంటాయి. దీనిని అతిసారమనుకుని విరేచనాలు ఆగే మాత్ర వేస్తే పరిస్థితి మరింత విషమిస్తుంది.

పాటించవలసినవి
* ఒక్కొక్కరి పేరిట నోటుపుస్తకం ఉంచి, మలవిసర్జన జరిగిన తేదీ, వేళ, మలం తీరు రోజూ రాయాలి. మేకపెంటికల్లా గట్టిగా ఉంటే మలబద్ధకమే. విధులు మారే సిబ్బంది ఆ పుస్తకం చూశాకే పని మొదలుపెట్టాలి.
* భోజనమైన 15-20 నిమిషాలకు మరుగుదొడ్డికి తీసుకెళ్లాలి. తొందరపెట్టరాదు, తలుపు వేసి మర్యాద కాపాడాలి. కుర్చీ దొడ్డి వాడేవారికి కాళ్ల కింద చిన్న పీట వేయాలి.
* జొన్నరొట్టె, ఆకుకూర పప్పు, బొప్పాయి పెట్టాలి. మింగడం కష్టమైనవారికి మెత్తగా చేసి ఇవ్వాలి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారికి ఎంత నీరివ్వాలో వైద్యుడే చెప్పాలి.
* ఇసబ్‌గోలు చాలినంత నీరు లేకుండా ఇస్తే పేగులో అడ్డుపడవచ్చు. సబ్బునీటి ఎనిమా వంటి ఇంటి ప్రయత్నాలు ప్రమాదకరం.

మూడు రోజులు విరేచనం కాకుంటే వైద్యుడిని సంప్రదించాలి. పొట్ట గట్టిగా ఉబ్బినా, వాంతులైనా, గాలి పోకపోయినా, రక్తం కనిపించినా వేచి చూడకుండా 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి తరలించాలి.

తల్లిదండ్రులూ అడగాలి
పాన్‌గల్ వంటి గ్రామీణ మండలాల నుంచి పిల్లలను దూరపు వసతి గృహాల్లో చేర్చేవారు వారి అలవాట్లు, తినే తిండి, వాడే మందులు, నొప్పి వస్తే చేసే సైగలు కాగితంపై రాసి ఇవ్వాలి. చూడడానికి వెళ్లినపుడు ఆ నోటుపుస్తకం అడిగి చూడాలి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984లో ఏర్పాటైన జాతీయ సంస్థ మేధోపర వైకల్యం ఉన్నవారికి సేవలందించడంతో పాటు శిక్షణ కోర్సులు కూడా నిర్వహిస్తోంది. మలవిసర్జన గురించి మాట్లాడడానికి సిగ్గుపడవలసిన పని లేదు. చెప్పుకోలేని మనిషి తరఫున అడగడమే సంరక్షణలో తొలి మెట్టు.